లోపలి మాట

రంగనాయకి ఇంట్లో మాటలు రెండు రకాలు. వీధిలోకి పోయే మాట తమిళం, గడప దాటని మాట తెలుగు. కూరగాయల బేరం, బస్సు కండక్టరుతో తగవు, కోయంబత్తూరు పక్కన తమ ఊరు కారమడైలో తేరు నాడు చుట్టుపక్కలవాళ్ళతో పలకరింపులు, అన్నీ తమిళంలోనే నడిచిపోతాయి. తెలుగు మాత్రం బయటివాళ్ళ ఎదుట, బయటివాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి. చదవడం రాదు, రాయడం రాదు, అయినా ఆ పనికి అది బ్రహ్మాండంగా సరిపోయేది. ఇది ఆమె కనిపెట్టిన పద్ధతి కాదు, అత్తగారిచ్చిన ఆస్తి. తన కూతురి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కాఫీ అందిస్తూ, నవ్వు చెదరకుండా "పిల్లోడికి మెల్లకన్ను ఉండాది, ఒద్దు" అని భర్తకు చెప్పేసిన మహాతల్లి ఆవిడ. వచ్చినవాళ్ళు కాఫీ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళారట.

రెండువేల తొమ్మిది మార్చిలో ఒక గురువారం పదకొండు గంటలకు ఫాదర్ సూసైమాణిక్యం వాళ్ళింటికి వచ్చాడు. మోపెడ్ ముందు బియ్యం మూట, చొక్కా వీపంతా చెమట. ఆయన వెనకే నడుస్తూ ఒక ఆడమనిషి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు సౌందరం అని, సిలోన్‌లో యుద్ధానికి ఇల్లు పోగొట్టుకుని పడవెక్కి వచ్చిన తొమ్మిది కుటుంబాల తరఫున మాట్లాడే మనిషి అని ఆయనే చెప్పాడు.

విషయం ఇది. రెండు వారాల కింద గాలివానకు శరణార్థుల శిబిరంలో రేకులు లేచిపోయాయి. ఆ తొమ్మిది కుటుంబాలను, మొత్తం ముప్పై ఎనిమిది మందిని, ఫాదర్ చర్చి వెనక బడి హాలులో ఉంచాడు. చర్చికి వచ్చేవాళ్ళేమీ ఉన్నవాళ్ళు కారు. అరటితోటల్లో, మిల్లుల్లో పనిచేసుకునేవాళ్ళు. ఆ ఆడవాళ్ళు అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం తెచ్చి చర్చి డ్రమ్ములో పోస్తారు. ఆ పిడికిళ్ళతోనే ముప్పై ఎనిమిది కడుపులు నిండుతున్నాయి. కానీ సోమవారం నుంచి ఆ హాలులో పబ్లిక్ పరీక్షలు. ఆదివారానికల్లా ఖాళీ చెయ్యాలి. రంగనాయకి భర్త వెంకటపతి గారి పత్తి గోడౌను ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది, పక్కనే నీళ్ళున్న బావి ఉంది, శిబిరం రేకులు వేసేదాకా ఒక మూడు నెలలు ఇస్తారా అని ఫాదర్ అడిగాడు. తాసిల్దారు ఒప్పుకున్నాడట. గోడౌను సొంతదారులు పోలీసు స్టేషనుకొచ్చి ఒక కాగితం మీద సంతకం పెడితే చాలునట.

పోలీసు అన్న మాట వినగానే రంగనాయకి కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దానికి కారణముంది. వాడిపట్టి అనే ఊళ్ళో ఆమె తమ్ముడు రాజ్‌మోహన్ తొంభై ఒకటిలో తన మేడమీది గది ఒక సిలోన్ కుర్రాడికి అద్దెకిచ్చాడు. ఆ కుర్రాడు ఎవరో, ఎటు పోయాడో దేవుడికే తెలియాలి. ఆ ఏడే మాజీ ప్రధాని హత్య జరిగాక, తమ్ముణ్ణి మాత్రం పోలీసులు విచారణకని తీసుకెళ్ళి తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. తిరిగొచ్చినవాడు అప్పటినుంచీ వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకునే నిద్రపోతాడు, మంచం మీద పడుకోడు. పద్దెనిమిదేళ్ళుగా అంతే. ఆ కుర్చీ తలుచుకుంటే రంగనాయకికి ఇప్పటికీ అన్నం సయించదు.

భర్త వెంకటపతి తల ఊపబోతున్నాడు. ఆయన ఎవరు ఏమడిగినా తల ఊపుతాడు, అదొక జబ్బు. రంగనాయకి కాఫీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకొచ్చి, ఫాదర్‌కు ఒకటి, సౌందరానికి ఒకటి అందిస్తూ, ముఖం నిండా నవ్వు పూసుకుని, భర్తతో తెలుగులో మొదలుపెట్టింది.

"తల ఊపేస్తా ఉండారే, మా తమ్ముడు తొమ్మిది రోజులు అనుబవించింది మరిసిపోతిరా? ఈ సామి మొగం మీద లేదని సెప్పేదానికీ కాదు, మీ అక్క మోకాలికి మిషన్ ఆసుపత్రిలో సీటు ఇప్పించినాడు. సరేనని సెప్పండి. ఆదివారం పూజ ముగించుకోని వచ్చి సావి తీసుకోమనండి. నేను ఆ తెల్లారే సావి నడుముకి సెక్కుకోని వాడిపట్టికి బస్సెక్కేస్తాను. వచ్చి తాళం సూసి, నిలబడి, వేరే ఇడం ఎతుక్కుంటారు."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఉపాయం తనకే ముచ్చటగా అనిపించింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"ఈ ఆడదాని మెడ సూడండి, తాళి కూడా లేదు. మొగుడు ఏ తుపాకి పట్టుకోని తిరగతా ఉండాడో. రేపు వాడు వచ్చి మన గోడౌనులో దిగితే?"

వెంకటపతి నేల చూపులు చూశాడు. తరవాత తమిళంలో ఫాదర్‌తో, ఆదివారం పూజ అయ్యాక వచ్చి తాళంచెవి తీసుకోండి సామీ, అన్నాడు. ఫాదర్ ముఖం వెలిగిపోయింది. లేచి రెండు చేతులూ జోడించాడు.

సౌందరం కాఫీ చివరి చుక్కదాకా తాగింది. ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద గ్లాసు కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చింది. "పోయిట్టు వరేన్ అమ్మా" అని తమిళంలో సెలవు తీసుకుంది. వచ్చిన చుట్టం గ్లాసు కడగడం రంగనాయకికి ఎందుకో నచ్చలేదు. అణకువ అనుకుందామంటే ఆ కడగడంలో అణకువ లేదు.

ఆ రోజు నుంచి ఆమెకు కాలు నిలవలేదు. శుక్రవారం పొద్దున అటక మీది ఇత్తడి సామానంతా దించి తోమింది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించింది. తమ్ముడికి ఫోను చేసి, ఏం చేస్తున్నావురా అని అడిగింది. కూర్చున్నాను అక్కా, అన్నాడు. ఎక్కడ అని అడగలేదు. శనివారం గోడౌను దాకా వెళ్ళి తాళం లాగి చూసి వచ్చింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే వెంకటపతి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒకే నోటితో రెండు మాటలు ఇప్పించినావు. నేను ఏది నిలబెట్టేది?"

"లోపలి మాటే దాన్. మనకి ఎప్పుడూ లోపలి మాట దాన్ మాట."

"వాళ్ళు పాపం మే. పిల్లలు ఉండారు."

"మా తమ్ముడికీ పిల్లలు ఉండ్రి," అంది రంగనాయకి. ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

ఆదివారం ఆరున్నరకే ఆమె సంచి సర్దుకుని, తాళంచెవి నడుముకు చెక్కుకుని కారమడై బస్టాండుకు చేరింది. ఏడింటికి కోయంబత్తూరు బస్సు వచ్చింది. చాలా రద్దీగా ఉందని ఎక్కలేదు. ఏడున్నరకు ఇంకొకటి వచ్చింది. అందులో సీట్లు బోలెడున్నాయి. నీళ్ళసీసా కొనుక్కోవాలని గుర్తొచ్చి అదీ ఎక్కలేదు. తొమ్మిదింటికి భర్తకు ఫోను చేసింది.

"వచ్చినారా?"

"ఎవురూ రాలేదు."

పదింటికి మళ్ళీ చేసింది. ఎవరూ రాలేదు. పదిన్నరకు కూడా ఎవరూ రాలేదు. తాళం చూసి వెనక్కి పోవలసినవాళ్ళు తాళం దాకానే రాకపోతే ఎలా? ఎగ్గొట్టాలనుకున్నవాళ్ళు ఎదురుచూడవలసి రావడం లాంటి బాధ ఇంకొకటి ఉండదు. వాళ్ళకు తెలిసిపోయిందా? ఎవరు చెప్పారు? ఈయన గాని నోరు జారాడా? అసలు ఆ జనమంతా ఇప్పుడెక్కడున్నారు? పదకొండింటికి ఇంక కూర్చోలేకపోయింది. సంచి చంకన పెట్టుకుని, ఎండలో, బస్టాండు వెనక వీధిలో ఉన్న చర్చికి నడిచింది. తన కాళ్ళు అటెందుకు పోతున్నాయో తనకే తెలియలేదు.

పూజ ముగిసింది. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు వరసగా వచ్చి, కొంగుల్లోంచి, కవర్లలోంచి బియ్యం తీసి డ్రమ్ములో పోస్తున్నారు. ఫాదర్ ఆమెను చూసి చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చాడు. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు.

"క్షమించాలమ్మా. కబురు పంపాల్సింది మేమే. మీ మంచి మనసు సౌందరం చెప్పింది. ఆ గోడౌనులో తేళ్ళు ఎక్కువని, పసిపిల్లలతో కష్టమని మీరు ఆరోజు తనతో అన్నారటగా? నాకు లేదని చెప్పలేక సరేనన్నారట. అయ్యో, నాతోనే చెప్పవలసింది."

రంగనాయకి సంచి కింద పెట్టింది. "ఇప్పుడు మరి ఎక్కడికి సామీ?"

"మా సమాధుల తోటలో రేకుల షెడ్డు ఒకటుంది. శవపెట్టె బండి నిలిపేది. బండి బయటికి లాగాం. మూడు పక్కలా గోడ లేదు, పట్టాలు కట్టుకుంటాం."

గోడౌనులో తేళ్ళు లేవు. ఆ మనిషితో తాను ఒక్క మాట కూడా అనలేదు. మరి ఆ అబద్ధం ఎందుకు చెప్పినట్టు? హాలు తలుపు తెరిచే ఉంది. లోపల మూటలు కడుతున్నారు. రంగనాయకి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. తలుపు పక్కనే, గోడకు చేరగిలబడి, చూపు ఆనని ఒక ముసలామె కూర్చుని ఉంది. సౌందరం ఆమెకు గంజి తాగిస్తోంది.

"ఇంకొక గుక్క తాగు అమ్మా. మళ్ళి ఎప్పుడు పొయ్యి పెట్టేదో."

"ఏడకు పోతా ఉండామే?"

"సుడుగాడు పక్కకి, సమాదుల కాడికి. గాలి బాగా వచ్చును లే."

తెలుగు. అదీ మామూలు తెలుగు కాదు. "పోతిమి, వస్తిమి, వచ్చును" అంటూ రంగనాయకి అమ్మమ్మ మాట్లాడిన తెలుగు. ఆ అమ్మమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఆ మాటతీరు ఆమెతోనే మట్టిలో కలిసిందనుకున్నది. రంగనాయకికి ముందు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే గురువారం పదకొండు గంటలు గుర్తొచ్చింది. తన నవ్వు, కాఫీ పళ్ళెం, తాళంచెవి, మెడ, తాళి, తుపాకి. ఒక్క మాట కూడా నేల రాలకుండా సౌందరం చెవిన పడింది. భూమి విచ్చుకుంటే బాగుండునని మనుషులు ఎందుకంటారో రంగనాయకికి యాభై ఐదేళ్ళ వయసులో అర్థమైంది.

"నీకు మన మాట వచ్చునా?" అంది. గుసగుసలా వచ్చిన ఆ మాట ముసలామెకు వినబడలేదు.

సౌందరం తలెత్తింది. ఆశ్చర్యపోలేదు. గంజి గిన్నె కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, తల్లికి వినబడకుండా పక్కకు వచ్చింది. నెమ్మదిగా, తెలుగులోనే చెప్పింది.

"మా తాత బోడినాయకనూరు పక్కనుంచి తేయాకు తోటకి సిలోన్ పోయినాడు. మా లయన్ ఇంట్లో, తోట కూలీల వరస ఇండ్లల్లో, ఇదే మాట. మా ఆయన తుపాకి పట్టలేదమ్మా. రొట్టెల అంగట్లో పని. పడవలో ఇడం లేదని వెనక నిలిచిపోయినాడు, ఇంకా ఆడనే ఉండాడు. తాళి పడవవానికి ఇస్తిని, మా అమ్మకి నాకు కూలి."

రంగనాయకి కొంగు మెడ చుట్టూ లాక్కుని తన తాళిని కప్పుకుంది.

"మీ తమ్ముని కతా వింటిని. అంత పడినవాళ్ళు బయపడేది తప్పు కాదు. అందుకే సామితో అట్ల సెప్పితిని. మిమ్మల్ని సెడ్డ సెయ్యకూడదని."

తిట్టి ఉంటే రంగనాయకి తట్టుకునేది. తిట్టడంలో ఆమెకు మంచి అనుభవముంది. ఇది తట్టుకోలేకపోయింది. కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి. నడుములోంచి తాళంచెవి తీసి చాపింది.

"రా తల్లీ. నా నోరు నాశనం గాను. గోడౌనుకి రండి. సుడుగాడు ఒద్దు."

సౌందరం చెయ్యి చాపలేదు. ఎవరో చిన్నపిల్ల మూట మీద కూర్చుని బొమ్మకు జడ వేస్తోంది. సౌందరం దానివైపు చూసింది.

"పిల్లలు ఉండారు," అంది. "అందుకోసరం వస్తాము."

తాళంచెవి తీసుకుని, వెనక్కి తిరిగి, మూటలు కడుతున్నవాళ్ళకు తమిళంలో ఏదో చెప్పింది. రంగనాయకితో ఆమె తెలుగులో మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ మధ్యాహ్నమే ఫాదర్‌తో కలిసి రంగనాయకి స్టేషనుకు వెళ్ళింది. సంతకం తాను పెడతానని వెంకటపతి అన్నా వినలేదు. ముప్పై ఎనిమిది పేర్ల కింద తన పేరు తమిళంలో రాసింది. త్వరగా రాసేసి లేవాలన్న తొందరలో నాయకిలో సగం గీత దాటిపోయింది. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి నీళ్ళసీసా మొత్తం తాగింది. ఆ రాత్రే కాదు, తరవాత చాలా రాత్రులు వీధిలో జీపు చప్పుడైతే లేచి కూర్చునేది. భయం పోలేదు. దానిపాటికి అది ఉంది, గోడౌనులో వాళ్ళు ఉన్నారు.

చర్చి ఆడవాళ్ళు బియ్యం డ్రమ్మును గోడౌనుకే మార్చారు. ఫాదర్ రోజూ మోపెడ్ మీద కూరలు తెచ్చేవాడు. రంగనాయకి కూడా ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేది. ఒకరోజు కరివేపాకు, ఒకరోజు నిమ్మకాయ ఊరగాయ, ఒకరోజు ఊరికే బావి మోటారు సరిగ్గా ఉందా అని. నిజానికి ఆమె వెళ్ళేది ఆ తెలుగు కోసం. గోడౌను మలుపు దగ్గరే అడుగులు నెమ్మదించేవి. లోపల తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే, అమ్మమ్మ చెయ్యి తల మీద పెట్టినట్టుండేది. ఆమె నీడ గుమ్మంలో పడగానే ఆ మాట ఆగిపోయేది. "వాంగమ్మా, ఉక్కారుంగ" అని సౌందరం చాప వేసేది. మర్యాదకు లోటు లేదు. మంచినీళ్ళిచ్చేది, యోగక్షేమాలడిగేది, అంతా తమిళంలో. బావి దగ్గర, ముసలామెకు దూరంగా, రంగనాయకి తెలుగులో అడిగినదానికి కూడా జవాబు తమిళంలోనే. వారం రోజులు ప్రయత్నించి రంగనాయకి కూడా తమిళంలోకి దిగిపోయింది. తేలు కుట్టిన దొంగ ఎవరికని చెప్పుకుంటుంది? వెంకటపతితో చెబితే ఆయన తల ఊపాడు.

ఏప్రిల్ గడిచింది. టీవీలో సిలోన్ యుద్ధంలో రోజురోజుకూ చిన్నదవుతున్న ఒక నేలముక్క పటం చూపించేవాళ్ళు. సౌందరం భర్త ఆ ముక్కలో ఎక్కడో ఉన్నాడు. ఫాదర్ ఎవరెవరికో ఉత్తరాలు రాశాడు, ఫోన్లు చేశాడు. మే నెల మూడో వారంలో యుద్ధం ముగిసిందన్నారు. ఆ రోజు గోడౌనులో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. ఇంకో నాలుగు రోజులకు, అక్కడి ఆసుపత్రి శిబిరంలో ఉన్న ఒక పాదిరి నుంచి ఫాదర్‌కు కబురు వచ్చింది. రొట్టెల అంగడి మనిషి లేడు. ఏప్రిల్‌లోనే పోయాడు.

రంగనాయకి వెళ్ళేసరికి చర్చి ఆడవాళ్ళు గోడ పొడుగునా కూర్చుని ప్రార్థన చెప్తున్నారు. సౌందరం ఏడవడం లేదు. తల్లి రామక్కాళ్ ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు తెరిచి పడుకుని ఉంది. ముసలామె అల్లుణ్ణి తలుచుకుని తెలుగులో శోకం పెడుతోంది. రంగనాయకి గుమ్మంలో నిలబడితే ఈసారి ఆ మాట ఆగలేదు, ముసలామెకు నీడ కనబడదు గనక. రంగనాయకి చెప్పులు విడిచి, దగ్గరికి వెళ్ళి, రామక్కాళ్ చెయ్యి పట్టుకుంది.

రామక్కాళ్ శోకం ఆపి, ఆ చేతిని, గాజులను తడిమి చూసింది.

"ఎవురు సౌందరం ఈమె?"

"ఇంటి అమ్మ."

"మనకి ఇడం ఇచ్చిన తల్లా? నేను ఒక మాట సెప్పవలెనే. ఆమెకు మన మాట వచ్చునా?"

సౌందరం ఒళ్ళోంచి తలెత్తకుండానే రంగనాయకిని చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని రంగనాయకి వెతికింది. ఉంటే కాస్త ఊరటగా ఉండేది. లేదు.

"రాదమ్మా," అంది.

రంగనాయకి చాప అంచున కూర్చుంది. ముసలామె ఆమె చెయ్యి వదలకుండా మళ్ళీ శోకం అందుకుంది. అల్లుడి పేరు, తేయాకు తోట, పడవ, కూతురి బోసి మెడ, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుని ఏడ్చింది. రంగనాయకి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, ఏమీ అర్థంకానిదానిలా అంతా విన్నది.